ఎక్స్‌రే గదిలో రాజ్యలక్ష్మి ఆంటీ

2006 జనవరి. దక్షిణ ఢిల్లీలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో, స్త్రీల విభాగంలో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. ఆ నెలంతా ఊరు పొగమంచులో మునిగి ఉంది. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఎదురుగా ఫ్లైఓవర్ సగమే కనపడేది. దాని మీద బస్సులు ఎక్కణ్ణించో తేలుతూ వచ్చి ఎక్కడికో మాయమయ్యేవి. ఇప్పుడు చెప్పబోయే కేసు తలుచుకుంటే ముందు ఆ మంచే కళ్ల ముందుకొస్తుంది.

నర్సంటే కేరళ మనిషేనన్నట్టు అక్కడ అందరూ నన్ను 'మలయాళీ సిస్టర్' అనేవారు. మాది భీమవరం అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ వాళ్లు అనడం మానలేదు. వెనకాల 'కంప్లైంట్ సిస్టర్' అనేవారట. అందులో అబద్ధం లేదు కాబట్టి దాని మీద కంప్లైంట్ చెయ్యలేదు.

అలాంటి ఒక రోజు లలిత అనే తెలుగమ్మాయి హెచ్.ఎస్.జి.కి వచ్చింది. పిల్లలు కలగనివాళ్లకి చేసే ఎక్స్‌రే పరీక్ష ఇది. గర్భసంచిలోకి సన్నటి గొట్టం పంపి 'డై' అనే ద్రవం ఎక్కిస్తారు. గర్భసంచికి రెండు పక్కలా ఉండే ట్యూబులు తెరిచి ఉంటే ఆ ద్రవం చివరి నుంచి బయటికి జారడం తెర మీద కనిపిస్తుంది. మామూలుగా మత్తు ఇవ్వరు. ఎక్కువసేపు పట్టదు గానీ, డై ఎక్కేటప్పుడు కొందరికి పొత్తికడుపు మెలిపెట్టేస్తుంది.

లలితకి ఇది రెండోసారి. మొదటిసారి గుర్‌గావ్‌లో ఎక్కడో చేయించుకోబోయి, నొప్పికి తట్టుకోలేక సగంలో టేబుల్ దిగిపోయింది. ఈసారీ కుదరకపోతే మత్తిచ్చి, పొట్టకి చిన్న కోత పెట్టి, కెమెరాతో చూడాల్సిందేనని మా డాక్టరమ్మ చెప్పింది. ఆ పిల్లకి నొప్పికన్నా మత్తంటే ఎక్కువ భయం. వాళ్ల నాన్నకి ఏదో చిన్న ఆపరేషన్‌కని మత్తిస్తే ఆయన మళ్లీ కళ్లు తెరవలేదట. ఆ సంగతి బట్టలు మార్చుకుంటూ, గోడ వైపు తిరిగి చెప్పింది నాకు.

ఆమెతో ముగ్గురొచ్చారు. భర్త, అత్తగారు, ఢిల్లీలోనే ద్వారక కాలనీలో వాళ్ల పక్క ఫ్లాటులో ఉండే రాజ్యలక్ష్మి ఆంటీ. ఆంటీ భర్త రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు.

నేను పరీక్ష చేసే రేడియాలజిస్టు డాక్టరు దగ్గరికి వెళ్లి, పేషెంటుకి తోడుగా ఒకరిని లోపలికి రానివ్వమన్నాను.

"యే సినిమా హాల్ హై క్యా సిస్టర్? ఎక్స్‌ట్రా టికెట్ చాహియే?" అన్నాడాయన. టెక్నీషియన్ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

"సీసం ఏప్రన్ ఒకటి ఖాళీగా వేలాడుతోంది సర్. తలవైపు నిలబెడతాను. మీ పనికి అడ్డం రారు" అన్నాను హిందీలో.

"ఆప్‌కో హర్ బాత్ మే కంప్లైంట్ హై" అన్నాడు, ప్రతిదానికీ నాకు కంప్లైంటేనని.

"అయితే పరికరాల ట్రే మీరే సర్దుకోండి సర్" అని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆయన నా వంక చూశాడు, గడియారం వంక చూశాడు, చివరికి చెయ్యి విసిరి "ఠీక్ హై, ఏక్" అన్నాడు.

బయటికి రాగానే అత్తగారు లేచి హ్యాండుబ్యాగు కొడుక్కి అందించింది. వెళ్లాల్సింది తనేనని ఆవిడకే కాదు, అక్కడున్న అందరికీ తెలిసినట్టే ఉంది. నేను మాత్రం కర్టెన్ వెనక్కి వెళ్లి లలితని అడిగాను.

"ఎవరు కావాలమ్మా?"

కర్టెన్ సందులోంచి బయటికి చూసింది. "ఆంటీ" అంది, గుసగుసగా.

ఆ మాట బయట చెప్పేసరికి అత్తగారి మొహం మాడిపోయింది. "నేనుండగా పక్కింటావిడా? మీరు నర్సా, సంసారాల్లో పుల్లలు పెట్టే మనిషా?"

"పేషెంటు చెప్పిందే చెప్పానండీ" అన్నాను. ఆవిడన్న మాటా నేను మర్చిపోలేదు.

ఎక్స్‌రే గదిలోకి గర్భవతుల్ని రానివ్వం. అందరినీ అడిగినట్టే ఆంటీనీ అడిగాను.

"ఈ వయసులోనా!" అందావిడ. "మా ఆయన వింటే రేపే మళ్లీ డ్యూటీకి పోతాడు." కిరణాలు తగలకుండా వేసే సీసం ఏప్రన్ తొడగ్గానే ఆవిడ భుజాలు కుంగిపోయాయి. "ఇదేం చీరమ్మా, ఇనప చీర!"

టేబుల్ మీద పడుకున్న లలిత నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

తెర బాగా కనపడాలని దీపాలు తగ్గించారు. గది నిండా బూడిదరంగు వెలుతురు, యంత్రం సన్నటి రొద. ఆంటీ లలిత నుదుటి మీద చెయ్యి వేసి, చెవి దగ్గర వంగింది.

"కళ్లు మూసుకో తల్లీ. మనం రైలెక్కాం. మీ ఊరు సామర్లకోట పోతున్నాం. కిటికీ సీటు నీదే. ఢిల్లీ దాటేశాం. అదుగో మథుర, తర్వాత ఆగ్రా. చాయ్‌వాలా వస్తున్నాడు, తాగుతావా?"

"ఊఁ."

"గ్వాలియర్. ఝాన్సీ. ఇక్కడ బండి కాస్త ఆగుద్ది."

ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లకి ఈ స్టేషన్లు ఎక్కాల్లా నోటికొచ్చి ఉంటాయి. నేను ట్రే అందిస్తూనే ఆ బండిలో ఎక్కేశాను. కిటికీ అవతల ఎర్రటి రాళ్ల గుట్టలు, ఎండలో ఆరేసిన చీరలు కదిలిపోయాయి. భోపాల్ దాటాక డై ఎక్కించడం మొదలైంది. లలిత నడుము ఒక్కసారి పైకి లేచింది. వేళ్లు టేబుల్ అంచుని పట్టుకున్నాయి.

"హిలో మత్!" అన్నాడు డాక్టరు, కదలొద్దని.

ఈసారీ దిగిపోతుందనుకున్నాను. ఆంటీ కంగారులో గబగబా "ఇటార్సీ, బల్లార్షా" అనేసింది.

"నాగపూర్..." పళ్ల బిగువున అంది లలిత. "నాగపూర్ వదిలేశారాంటీ."

"అయ్యో, అవును కదూ! పద, దిగి కమలాపళ్లు కొనుక్కొద్దాం. పెద్దవి ఏరు. వాసన చూడు."

లలిత నిజంగానే గాలి లోపలికి పీల్చింది, మెల్లగా వదిలింది. నడుము టేబులుకి ఆనింది. తెర మీద తెల్లటి ద్రవం అగరుపొగలా పాకింది. కుడివైపు సన్నని దారంలా సాగి, చివర మబ్బులా విచ్చుకుంది. ఎడమవైపు కొంత దూరం వెళ్లి ఆగిపోయింది.

"ఒకటి తెరిచే ఉంది" అన్నాను ఆమె చెవిలో.

కళ్లు తెరవలేదు గానీ, కళ్ల కొసల నుంచి నీళ్లు జుట్టులోకి జారాయి.

"బస్, హో గయా" అన్నాడు డాక్టరు, గొట్టం తీసేస్తూ.

"ఇంకా రాజమండ్రి రాలేదు కదా" అంది లలిత.

కొంచెం ఆగి చివరి ఫిల్ము తియ్యాలి, అందాకా ఆమె పడుకునే ఉండాలి. ఆంటీ బండిని వరంగల్, విజయవాడ దాటించి గోదావరి మీదికి ఎక్కించింది. డాక్టరు స్విచ్చు మీద చెయ్యి వేసి కూడా దీపం వెయ్యలేదు. అంతమాత్రాన సినిమా హాలు మాట నేను క్షమించానని కాదు.

ఆ కేసు నుంచి నేర్చుకున్నదల్లా ఒకటే. తోడుగా వచ్చినవాళ్లందరూ తోడు కారు. ఎవరు తోడో టేబుల్ మీద పడుకోబోయే మనిషే చెప్పాలి, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు. అందుకే అప్పటి నుంచీ ప్రతి పేషెంటునీ కర్టెన్ వెనక ఒంటరిగా అడిగాను. కుటుంబాల్లో గొడవలొస్తున్నాయని మేట్రన్ పిలిచి మందలించినా మానలేదు. ఒకామె అమ్మ అంది, ఒకామె ఆఫీసు స్నేహితురాలంది. ఒకామె మాత్రం "ఎవరూ వద్దు సిస్టర్, తలుపు వేసెయ్యండి" అంది. ఆమె భర్త లోపలికొస్తానని చాలాసేపు అరిచాడు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను, పని అయ్యేదాకా.