ఓనరమ్మ అడిగిన లెక్క

ఓనరమ్మ పోయిందని సోమవారం పొద్దున ఫోను వచ్చింది. మారతహళ్ళిలో ఆమె ఇల్లు ఖాళీ చేసి మేము సర్జాపుర వైపు వచ్చి మూడేళ్లయింది. ఫోను చేసింది మా తర్వాత ఆ గదిలోకి అద్దెకు వచ్చిన అమ్మాయి. "పాల పాకెట్టు తీసుకునేదానికి లెయ్యలేదక్కా. నిద్రలోనే పోయింది" అంది. మా ఆయన పని మానుకున్నాడు. పాపను కూడా తీసుకుని బస్సెక్కి వెళ్లాం. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆమె నోరు అంతసేపు మూసి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆమెకు పేరు ఉంది. కానీ ఆ వఠారంలోని ఆరిళ్లవాళ్లమూ ఓనరమ్మ అనే పిలిచేవాళ్లం. ఇక్కడా అలాగే రాస్తాను. చుట్టూ రాగి చేలు ఉన్నప్పటి నుంచి వాళ్లది ఆ ఊరే. ఆమె తెలుగులో సగం కన్నడం.

ఆమె ఇంట్లో కిటికీ పక్కన గోడ క్యాలెండరు ఒకటి వేలాడుతుండేది. అది చూడకుండా ఆమె ఏ పనీ మొదలుపెట్టేది కాదు. మేము సామాను తెచ్చిన టెంపోను రాహుకాలం అని గేటు ముందే ముప్పావు గంట నిలబెట్టింది. డ్రైవరు గొణిగాడు. "నీకేమప్పా, దించేసి పోతావు. ఈడ బతకాల్సింది వాళ్లు" అంది. వంట మధ్యలో గ్యాసు అయిపోయినా ఆ వేళలో సిలిండరు లోపలికి రాదు. మేమంతా చాటున నవ్వుకునేవాళ్లం. ఆమెకు తెలుసు. "నవ్వండి, నవ్వండి. నవ్వేదానికి టైము చూసే పన్లేదు" అనేది.

నాకు అది మొదటి కాన్పు. పుట్టింటికి వెళ్లాల్సింది. బీపీ ఎక్కువగా ఉంది, బస్సులో అంత దూరం వద్దని డాక్టరమ్మ చెప్పింది. ఊళ్లో మా అమ్మ చెనక్కాయ పీకించి చేలో వేసి ఉంది. అది ఇల్లు చేరాక వస్తానంది. నేను గార్మెంట్స్‌లో పని మానేశాను. మా ఆయన టైల్స్ పనికి ఏడింటికే వెళ్లిపోయేవాడు. పగలంతా వఠారంలో ఉండేది నేనూ ఓనరమ్మా.

పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. చెంచా కింద పడితే కాలివేళ్లతో లాక్కునేదాన్ని. తొమ్మిదో నెల పడ్డాక ఒకరోజు ఆమె తన పాత నూలు చీరలు మూడు తెచ్చింది. వాటిని ఉడకబెట్టి, మిద్దె మీద ఎండేసి, చేత్తోనే చదరాలుగా చించింది. నేను సూది తీశాను. ఆరేళ్లు కుట్టుపని తనిఖీ చేసినదాన్ని, పోగులు లేచిన అంచులు చూస్తూ ఊరుకోలేకపోయాను. "కుట్టొద్దు పాపా. కుట్టు బిడ్డకు ఒరుసుకుంటాది" అని సూది లాక్కుంది. ఆ గుడ్డలు, స్కానింగు కాగితాల ఫైలు, ఫ్లాస్కు ఒక సంచిలో సర్ది తలుపు వెనక మేకుకు తగిలించింది. దానికీ మంచి వేళ చూసింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమ పక్కకు పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టమని ఆస్పత్రిలో చెప్పారు. రెండు గంటల్లో పది రావాలి. ఓనరమ్మ రోజూ గడప దగ్గరికి వచ్చి "ఎన్ని?" అని అడిగేది. "పది" అంటే "సరే" అని వెళ్లిపోయేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. నాకేమో పడుకోగానే కన్ను మూతపడేది. ఒక్కోరోజు నిద్రపోయి లేచి, లెక్కపెట్టకుండానే పది అనేసేదాన్ని. ఒక బుధవారం కూడా అలాగే అన్నాను.

మరుసటి రోజు ఆమె త్వరగా వచ్చింది.

"ఎన్ని?"

"ఇంకా ఒకటీ లేదమ్మా."

"పొద్దున?"

"పొద్దున కూడా తెలీలేదు."

ఆమె లోపలికి వచ్చి బెల్లం నీళ్లు కలిపి తాగించింది. పొట్ట మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఏమీ లేదు. నేను ఊళ్లో అత్తకు ఫోను చేశాను. "నెలలు నిండినాక యాడ కదులుతాదమ్మీ, చోటుండద్దా? సాయంత్రం వాడొచ్చినాక చూడండి" అంది అత్త. ఆ మాట నాకు నచ్చింది. ఓనరమ్మకు అదే చెప్పాను. ఆమె గడియారం చూసింది. రెండు కావస్తోంది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. ఆ వఠారంలో ఉండి అది నాకూ నోటికి వచ్చేసింది.

"మూడైనాక పోదామా అమ్మా?" అని నేనే అడిగాను.

"సుమ్నే లెయ్యి, ఏం మాట్లాడొద్దు" అంది. అప్పటికే సంచి మేకు మీది నుంచి తీసి భుజానికి వేసుకుంది.

ఆటో ఎక్కాక "గుంతలు చూసి పోనీ అప్పా, నెలలు నిండిన పాప ఉండాది" అంది డ్రైవరుతో. బ్రిడ్జి కింద సిగ్నలు పడి ఆగాం. ఆమె బయటికి చూస్తూ, "నా మొదటి కాన్పుకు గంటన్నర ఆగితిమి. మా అత్త ఆగమనె. నేనూ ఆగితి" అంది. ఆమెకు ఇద్దరు కొడుకులు. వాళ్లకు ముందు ఒక కాన్పు ఉందని వఠారంలో ఎవరికీ తెలియదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ "నిన్న కదిలిందా?" అని అడిగింది.

"నిన్న పది వచ్చినాయి" అంది ఓనరమ్మ నాకంటే ముందే.

"లేదు, నిద్రపోయాను. ఊరికే పది అన్నాను" అన్నాను.

ఓనరమ్మ నా వైపు చూసింది. "ఇప్పుడన్నా చెప్తివి" అంది.

ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంచి ఇచ్చారు. ఇప్పుడు యూకేజీ చదువుతోంది. నా అబద్ధం సంగతి ఓనరమ్మ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. రాహుకాలాన్ని మాత్రం ఆమె వదల్లేదు. పాపను ఇంటికి తెచ్చిన రోజు ఆటోను గేటు ముందు పావుగంట నిలబెట్టింది. అంత జరిగిన మనిషి ఆ క్యాలెండరును ఎలా నమ్మగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉన్నప్పుడు అడగలేదు, ఇక అడగడానికి లేదు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆపరేషన్‌కు ముందు జరిగిన ఒక చిన్న సంగతి. నా పొట్టకు పట్టీ కట్టి నర్సు బిడ్డ గుండె చప్పుడు కోసం వెతుకుతోంది. చాలాసేపు మిషనులో గరగర తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత దొరికింది. ఆ చప్పుడుతో గది నిండిపోయింది. మిషను నుంచి సన్నటి గీతలున్న కాగితం బయటికి వస్తూ నేల వైపు జారుతోంది. ఓనరమ్మకు ఆ గీతలు చదవడం రాదు. వంగి రెండు అరచేతులూ దాని కింద పట్టింది. "పర్లేదు, వదిలేయండమ్మా" అంది నర్సు. ఆమె వదల్లేదు. కాగితం వచ్చేకొద్దీ, నేలకు తగలకుండా, మడత మీద మడతగా చేతుల్లోకి తీసుకుంటూ ఉంది.