బూజు పట్టిన కాఫీ పిప్పి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు నా పెండ్లయింది. మా పుట్టింటివాళ్ళూ రైతులే, కానీ నంద్యాలలో కాపురం కాబట్టి కాఫీ అలవాటైంది. ఆళ్ళగడ్డలో అత్తగారింట్లో పొద్దున్నే అంబలి తాగి చేనికి పోయేవారు. నాయన పంపే పొడితో నేనొక్కదాన్నే కాఫీ కాచుకునేదాన్ని. వడకట్టిన పిప్పిని అంట్లు తోమే జాలాడి పక్కన చిప్పలో వేసేదాన్ని. సాయంత్రానికి చిప్ప ఖాళీగా ఉండేది. అత్త దిబ్బలో పారేస్తోందనుకున్నాను.

ఆ వానాకాలంలో నాయన చెప్పకుండా వచ్చాడు. నేను ముట్టయి పెరటి పంచలో కూర్చున్నాను, వంటింట్లోకి పోకూడదు. పొడి అయిపోయి చాన్నాళ్ళయింది. అయినా కాసేపటికి అత్త గ్లాసుతో కాఫీ తెచ్చి, పెరట్లో నాకు ఎదురుగా కూర్చున్న నాయనకిచ్చింది. ఆమె కాఫీ కాచడం అదే మొదలు.

నాయన ఒక గుక్క తాగి ఆగాడు. ముక్కిన వాసన నాదాకా వచ్చింది.

“చక్కెర చాల్లేదా అన్నా?” అంది అత్త.

“సరిపోయిందమ్మా, బాగుంది” అని నాయన మిగిలిందంతా తాగేశాడు.

నేను ఊరుకోలేకపోయాను. “పొడి యాడిది అత్తా? డబ్బాలో లేదు గదా.”

“నువ్వు పారేస్తాంటివి గదా, అదే ఎత్తిపెట్టినా. అంత మంచి వస్తువు మట్టిపాలు కావాల్నా?” అంటూ సంబరంగా లోపలికి పోయి ఒక పిడత తెచ్చింది.

వంటింట్లో వెలుతురు తక్కువ. పెరట్లోకి వచ్చాకే ఆమె కూడా దాన్ని సరిగా చూసింది. పిప్పి మీద దూదిలాగా తెల్లటి బూజు, అక్కడక్కడా పచ్చగా. ఆమె చెయ్యి పెట్టి తీసిన చోట మాత్రం నల్లటి గుంట. ఊరగాయ జాడీకి తడి చెయ్యి తగలనివ్వని మనిషి ఆమె. పిడతను కొంగుచాటుకు లాక్కుంది.

“కండ్లకు కనపడ్లేదన్నా.”

“దానికేముందమ్మా? వానలకు మా ఇంట్లో గూడా బూజు పడతాది” అన్నాడు నాయన.

ఆ మాటకు ఆమె తల మరింత దించుకుని లోపలికి పోయింది. అంతసేపూ నాయన ముందు మా అత్తింటి పరువు పోయిందని కుంచించుకుపోతున్న నాకు, ఆమె పోయిన తర్వాత నా ప్రశ్నకే సిగ్గనిపించింది. నాయన తాగి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు.

ఆయన బస్సుకు బయల్దేరినప్పుడు అత్త బయటికి రాలేదు.

తర్వాత ఎప్పుడొచ్చినా నాయన కావాలని ఆమెనే అడిగేవాడు. “అమ్మా, ఈపొద్దు నువ్వే కాఫీ కాయి.”

“నీ బిడ్డ కాస్తాదిలే అన్నా” అని, మొహం చూడకుండా ఆమె పశువుల కొట్టం వైపు నడిచేది.