మా వాకిట్లో తీసిన దెబ్బలు

మా ఇంట్లో బురఖా లేదు. మా అత్తగారు చీర కొంగు తలమీదుగా తెచ్చి చెవి వెనక దోపుకునేది. నేనూ అంతే. మా అమ్మాయి పంజాబీ డ్రెస్సు మీద చున్నీ కప్పుకుని రాజోలు కాలేజీకి బస్సెక్కుతుంది. అందుకని సినిమావాళ్ళు మా పెంకుటిల్లు చూసి ముచ్చటపడి, "ముస్లిం కుటుంబం కథమ్మా, మీ బురఖాలు కూడా వాడుకుంటాం" అన్నప్పుడు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ మాటే చెబితే మేనేజరు నమ్మలేదు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండమ్మా" అన్నాడు.

మా పక్కింటి వదిన ఆదుకుంది. క్రైస్తవులు వాళ్ళు. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి తొమ్మిదేళ్ళకు తిరిగొచ్చింది. అక్కడ బయటికి వెళ్ళేటప్పుడు వేసుకున్న నల్లవన్నీ కలరా ఉండలు వేసి పెట్టెలో దాచుకుంది.

"నా దగ్గర మూడున్నాయండి. ఆ వంతెన దగ్గర టిఫిన్ల ఆవిడ దగ్గర రెండున్నాయి, ఆవిడ దుబాయ్ వెళ్ళొచ్చేరు. మా వీధిలో బురఖాలన్నీ ఏసుప్రభువు బిడ్డలవీ హిందువులవీనండి. సాయిబుల ఇల్లు ఇదొక్కటే, ఇక్కడే లేదు" అంది. మేనేజరుకి నవ్వాలో వద్దో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మా సున్నం గోడకి ఆకుపచ్చ రంగు కొట్టారు. నన్ను బురఖా వేసుకుని పొయ్యి దగ్గర చేపలు వేయించమన్నారు.

"పొయ్యి దగ్గర ఎవరు వేసుకుంటారు బాబూ, అంటుకుంటే?" అన్నాను.

"చూడగానే జనానికి తెలియాలి కదమ్మా" అన్నాడు డైరెక్టరు. నేను ఒప్పుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టారు.

చిన్నప్పుడు రాజోలు హాల్లో చూసిన సినిమాలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. తెర మీదికి నల్ల ముసుగు వస్తే హాలంతా ఒక్కసారి సర్దుకుని కూర్చునేది. లోపల బాంబు అయినా ఉండాలి, పోలీసుల్ని తప్పించుకునే హీరో అయినా ఉండాలి. హీరో అయితే ఈలలు. ఒక ఆడమనిషి బజారుకెళ్ళి ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికొచ్చినట్టు ఒక్కదాంట్లోనూ చూడలేదు.

ఈ కథలో మొగుడు పెళ్ళాన్ని గదిలోంచి ఈడ్చుకొచ్చి వాకిట్లో కొట్టాలి. అసలు నటి తన మొహం కనిపించే ముక్కలు చేసి నీడలోకి వెళ్ళిపోయింది. దెబ్బలు తినే ముక్కలకి వదిన ఇచ్చిన బురఖా వేసి ముసుగు దించేస్తారు, మొహం అక్కర్లేదు, అదే పొడుగున్న మనిషి కావాలి. వాళ్ళ కళ్ళు మా అమ్మాయి మీద పడ్డాయి. దానికి సరదా.

"మొహమే కనపడదు కదమ్మీ, నేనని ఎవరికి తెలుస్తాది" అంది. నేను సరేనన్నాను. ఆ సరే అన్నది నేనే, ఇంకెవరి మీదా పెట్టను.

మొగుడి వేషం వేసినవాడు పొద్దున మా ఇంట్లో పులుసన్నం తిని, "అక్కా, మా అమ్మ చేతి వంటలా ఉంది" అన్నవాడే. బెల్టు రబ్బరుది. చెయ్యి మాత్రం చెయ్యే. మొదటిసారి ఆపుకుంటూ కొట్టాడు.

"పూలు కోస్తున్నావా బాబూ?" అని డైరెక్టరు అరిచాడు.

రెండోసారి గడప మీదుగా లాగాడు. మోకాలు గడపకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. మూడోసారి గుడ్డ మీంచే చెవి దగ్గర చాచి కొట్టాడు. పిల్ల వెళ్ళి బట్టలుతికే రాయి మీద పడింది. లేవబోతే జుట్టూ గుడ్డా కలిపి పట్టుకుని మళ్ళీ కొట్టాడు.

"బాగుంది. ఇంకొక్కటి" అన్నాడు డైరెక్టరు.

నోరు తెరవద్దని దానికి ముందే చెప్పారు, ఏడుపు తర్వాత నటి పెడుతుందట. అందుకని అది కిక్కురుమనలేదు. నల్లగుడ్డ మీద నెత్తురు కనిపించదు. అక్కడున్న ఇరవైమందికి ఏమీ కనిపించలేదు. నాకు దాని కాళ్ళు కనిపించాయి. చిన్నప్పుడు సూది పొడిపిస్తే కాలివేళ్ళు లోపలికి ముడుచుకునేది. ఇప్పుడు రెండు కాళ్ళ వేళ్ళూ మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి.

వాడు నాలుగోసారికి చెయ్యెత్తాడు.

వాకిట్లో ఎండేసిన కొబ్బరి మట్టల్లోంచి ఒకటి లాక్కుని వెళ్ళి ఆ చేతి మీద కొట్టాను. వాడు అమ్మో అని వంగాడు. వీపు మీద కొట్టాను. కిందపడితే కింద కొట్టాను. ముక్కు పగిలింది. వాడి నెత్తురు నా చీర మీద పడితే నాకు భయం వెయ్యలేదు, ఇంకా కొట్టాలనిపించింది. పక్కింటి వదిన వెనకనుంచి నడుం పట్టుకుని లాగింది.

"వదినా, పిల్లని చూడు ముందు" అంది.

ముసుగు తీస్తే కింది పెదవి పంటి కింద తెగిపోయి ఉంది. కుడి చెవిలోంచి నెత్తురు మెడ దాకా కారి ఆరిపోయింది. అప్పటికీ కెమెరా ఆగలేదు.

అమలాపురంలో చెవి డాక్టరు లోపలి పొర చిరిగిందన్నారు. మందులు వాడాం. కుడివైపు వినికిడి తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకి ఆ సినిమా ఫోన్లలోకి వచ్చింది. పక్కింటి వదిన తెచ్చి చూపించింది. ఆకుపచ్చ గోడ, మొగుడు, దెబ్బలు. తర్వాత జుట్టు విరబోసుకుని, పళ్ళు బిగించి, మట్ట ఎత్తి పరిగెత్తుకొస్తున్న నేను. మట్ట కిందికి దిగేలోపు బొమ్మ మారింది. నేల మీద ముడుచుకుపోయిన నల్లగుడ్డ. దెబ్బ దాని మీద పడినట్టే ఉంది. నా నోటికి ఎవరిదో బొంగురు గొంతు తగిలించి, మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని ఉర్దూలో తిట్లు తిట్టించారు. నేను కోడల్ని చంపుతున్న అత్తని.

వదిన ఫోను మూసేసింది. "ఆ గుడ్డ నాది వదినా. నేనివ్వకుండా ఉండాల్సింది" అంది.

మా ఆయన నన్ను కొట్టలేదని చెప్పను. రెండుసార్లు కొట్టారు, ఎందుకో కూడా గుర్తుంది. మా వదిన్ని వాళ్ళాయన వారానికోసారి కొట్టేవాడు, చర్చి నుంచి వచ్చాక కూడా. ఆ వాకిట్లోకి కెమెరా పట్టుకుని ఎవరూ రాలేదు.

మొన్న మలికిపురం నుంచి బస్సులో వస్తున్నాం, నేనూ అమ్మాయీ. ముందు సీటావిడ ఆ సినిమాలో మొహం నాదేనా అన్నట్టు తిరిగి తిరిగి చూసింది. మంచి మనిషిలానే ఉంది. చివరికి మా అమ్మాయి కుడివైపు వంగి మెల్లగా అడిగింది.

"ఆవిడ నిన్ను కూడా కొడతారామ్మా?"

మా అమ్మాయికి వినపడలేదు. "ఇటు చెప్పండి. ఆ చెవి పోయిందండి" అంటూ జుట్టు పక్కకి తీసి చూపించింది.

ఆవిడ ఆ చెవి చూసింది, తర్వాత నన్ను చూసింది. "అయ్యయ్యో. కొట్టి కొట్టి పోగొట్టేరన్నమాట. మీవాళ్ళల్లో ఇది మామూలేనంట కదండీ" అంది. పక్కవాళ్ళు కూడా వినేలా అంది.

ఈసారి మా అమ్మాయికి వినపడింది. లేచి ఆవిడ చెంప మీద కొట్టింది. ఆవిడ కళ్ళజోడు ఎగిరి మెట్ల దగ్గర పడింది. రెండోది పడకుండా నేను చెయ్యి పట్టుకున్నాను. అందరూ లేచారు. "చూసేరా, చూసేరా" అని ఎవరో అన్నారు. కండక్టరు బస్సాపి మమ్మల్ని దింపేశాడు.

కాలవగట్టు మీద నడిచాం. దానికి వినపడాలని నేను ఎడమవైపు నడిచాను.

"ఆ రోజు వాణ్ణి ఎన్ని కొట్టేవమ్మీ?" అని అడిగింది.

"ఏడు."

"చాల్లేదు" అంది.

నాకూ అదే అనిపించింది.