వణికే చేతుల్లో రెండు రూపాయల బిళ్ళ

పొద్దున పదకొండు ఇరవైకి గద్వాల దవాఖాన బెంచీ మీద మా మేనత్త చేతిలోని రెండు రూపాయల బిళ్ళ కనిపించకుండా పోయింది. జారిపడిందనుకుని అందరం నేల వైపు చూశాం.

అనుకోవడంలో తప్పులేదు. నలభై ఏళ్లు పట్టు అంచులు నేసిన ఆమె చేతులకు వణుకు వచ్చింది. ఎదురైన వాళ్లందరికీ వేళ్ల మధ్య బిళ్ళను మాయం చేసి చూపడం ఆమెకు అలవాటు. వణుకు వచ్చాక బిళ్ళ తరచూ కిందపడేది. జనం నవ్వేవాళ్లు. ఆమె మాత్రం మానలేదు.

"అమ్మా, జర బందు చెయ్. అందరు నవ్వుతుండ్రు," అన్నాడు కొడుకు. ఆమెకిక నేత చేతకాదని, ఇంటికి పోగానే మగ్గం విప్పేస్తానని అతను దారిలోనే చెప్పాడు.

"నవ్వనీ బిడ్డా. నవ్వేటోళ్లు చేతుల దిక్కు సూడరు."

బెంచీ కింద కూడా వెతికి తలలెత్తాం. ఆమె ఎడమ అరచేయి చాపి ఉంది. బిళ్ళ అందులోనే ఉంది, చేతితో పాటు వణుకుతూ.

"చేతులు వణుకుతయిరా. పని మర్సిపోలే. మగ్గం ముడితే ఊకోను," అంది.

కొడుకు ముట్టలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఆమె నేసింది. అంచు వంకర వచ్చిన చోటల్లా విప్పి మళ్ళీ నేసింది. ఒక్కో చీరకు నెలలు పట్టింది.

ఆమె పోయాక ఆ ఇంట్లో ఎవరూ నేయడం లేదు.