ఏ పేజీ నుంచి?

మా ఆఫీసులో ప్రింటరు ఆగగానే కాగితాల పక్కనుండే చిల్లుల అంచును చించి పారేస్తాము. సరిగ్గా పట్టుకుంటే చర్రుమని ఒకే ఊపులో ఊడివస్తుంది. నిన్న మధ్యాహ్నం ఆ చప్పుడుకు నా చేతులు ఒక్కక్షణం ఆగాయి. కాటన్‌పేటలో దుప్పట్ల దుకాణం మీది అంతస్తు, ఇరుకు మెట్లు, రిబ్బను సిరా వాసన, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న సరోజక్క, అన్నీ ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి.

సరోజక్క జాబ్‌టైపింగు చేసేది. కోర్టు కాగితాలు, కంపెనీల ఉత్తరాలు, అన్నిటికన్నా ఎక్కువగా యూనివర్సిటీ వాళ్ళ సిద్ధాంత గ్రంథాలు. ఇరవై ఏళ్ళు టైపురైటరు మీద బతికిన మనిషి, నేను చేరడానికి ఆరు నెలల ముందే ఒక కంప్యూటరు కొన్నది. దాని గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. సాయంత్రం పని ముగిశాక తన చేత్తో కుట్టిన చిలకల గుడ్డ కప్పేది. ఆయుధపూజ నాడు తెరకు కుంకుమ పెట్టి, "పెట్టినా పెట్టకపోయినా అది చేసే పని అదే చేస్తాది. మన మనసుకి అంతే" అని నవ్వింది.

నేను బి.ఏ. ముగించి, టైపింగు హయ్యరు పాసై అక్కడ చేరాను. అది నా మొదటి ఉద్యోగం. నాకు నోరు తెరవడం కంటే డైరీ తెరవడం సులువు. మొదటి నెలంతా సరోజక్కతో నేను మాట్లాడింది తక్కువ, ఆమె గురించి రాసుకున్నది ఎక్కువ. ఆమెకొక పద్ధతి ఉండేది. టైపు చేసిన ఏ కాగితానికీ వెంటనే పేజీ సంఖ్య కొట్టేది కాదు. మూలన పెన్సిలుతో సన్నగా వేసి, గైడు సంతకం అయ్యాకనే టైపుతో వేసేది. ఎందుకని అడగాలనిపించినా అడగలేదు. ఆమే ఒకరోజు చెప్పింది. "నంబరు ఆఖర్న అమ్మీ. పేజీలన్నీ వచ్చి కూర్చోనీ. ముందే నంబరేస్తే నడిమధ్య వచ్చేదాన్ని ఏడ కూర్చోబెడతావు?" అది టైపురైటరుకు చెందిన జాగ్రత్త అనుకున్నాను. కంప్యూటరులో చెరిపితే మచ్చ పడదు కదా!

వెంకటలక్ష్మి మేడమ్ హిందూపురం వైపు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మల్బరీ తెగుళ్ళ మీద ఆరేళ్ళ పరిశోధన. శనివారం సాయంత్రం ఐదులోగా యూనివర్సిటీలో గ్రంథం ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషను రద్దవుతుంది. నూట అరవై పేజీలు, ఐదు అధ్యాయాలు. పనంతా సరోజక్క నా చేతికే ఇచ్చింది.

ఫ్లాపీలో ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో ఫైలుగా దాచేవాళ్ళం. చిక్కు అక్కడే వచ్చింది. రెండో అధ్యాయం ప్రింటు తీస్తే, పేజీ అడుగున కంప్యూటరు మళ్ళీ ఒకటి నుంచి అంకెలు వేసింది. ముప్పై ఒకటి రావలసిన చోట ఒకటి. సరోజక్కను అడిగితే ఒక్క నిమిషం పని. నేను అడగలేదు. కంప్యూటరుతో వచ్చిన పుస్తకంలో వెతికితే అంకెలు రాకుండా ఆపే ఆజ్ఞ కనబడింది. ప్రతి ఫైలు మొదట అది పెట్టి దాని నోరు మూయించాను. తరువాత టైపురైటరు మీద చేసినట్టే ప్రతి పేజీ పైన, కుడివైపున, నా చేత్తో సంఖ్య కొట్టుకుంటూ పోయాను. చూడటానికి ముచ్చటగా ఉంది. ఆ వేళ డైరీలో కాస్త గర్వంగానే రాసుకున్నాను.

శుక్రవారం ఉదయం మేడమ్ పరుగున వచ్చారు. గైడు రెండో అధ్యాయంలో ఒక పేరా చేర్చమన్నారట. పన్నెండు పంక్తులు. చేర్చి, ఆ అధ్యాయం ప్రింటు తీశాను. చేర్చిన చోటు దాటాక ప్రతి సంఖ్యా పన్నెండు పంక్తులు కిందికి జారింది. పట్టుపురుగు గురించిన వాక్యం మధ్యలో ముప్పై ఎనిమిది, ఆకుమచ్చల గురించి చెబుతుండగా ముప్పై తొమ్మిది. అధ్యాయానికి ఒక పేజీ పెరిగింది కాబట్టి తరువాతి మూడు అధ్యాయాల అంకెలూ తప్పే. కాగితాలను వీపు వెనక దాచుకుని గోడకు ఆనుకున్నాను. మేడమ్ బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తినలేదు.

సరోజక్క దగ్గరకు వచ్చి చెయ్యి చాపింది. ఇచ్చేశాను. నాలుగు పేజీలు తిప్పింది. "ఎందుకిలా చేశావు?" అంటుందని కళ్ళు దించుకున్నాను.

"ఏ పేజీ నుంచి?" అన్నది.

"ముప్పై... ముప్పై ఎనిమిది నుంచి అక్కా."

"అంటే ముప్పై ఏడు బాగుండాయి. సగం ఏడుపు తగ్గిపాయ. రా, కూర్చో."

మేడమ్ లేచి నిలబడ్డారు. "ఏమైంది సరోజమ్మా? రేపటికి అవుతుందా?"

"అంకెలు తిరునాళ్ళకి పోయిండాయి మేడమ్, పిల్చకొస్తాము. మీరు మొదట ఆ చిత్రాన్నం తినండి, వాసనకి నాకే ఆకలైతావుండాది."

అంకెలను ఆపడానికి నేను పెట్టిన ఆజ్ఞను తీయించింది. దాని చోట, ఫైలు మొదట్లో, ఒక చుక్క, రెండు అక్షరాలు, ఒక అంకె కొట్టించింది. ఈ అధ్యాయం ఫలానా సంఖ్యతో మొదలని చెప్పడమే ఆ ఆజ్ఞ. మిగతా లెక్క కంప్యూటరే చూసుకుంటుంది. "దానికి లెక్క వస్తాది. ఏడనుంచి మొదలుపెట్టల్లో తెలీదు, అంతే. నువ్వు చెప్పలేదు, నన్నూ అడగలేదు. ఇద్దరూ మూగనోము పట్టినట్టుండారు!" అని తలపై మెల్లగా మొట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నేను చేత్తో కొట్టిన అంకెలను ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఆమె పక్కన కూర్చుని పెన్సిలుతో కాగితం మీద గీత పెడుతూ పోయింది. మొదటి అధ్యాయం ముప్పైతో ముగిసింది, రెండోది ముప్పై ఒకటితో మొదలు. రెండోదాని చివరి సంఖ్య చూశాకనే మూడోదానికి మొదలు. విషయసూచిక అన్నిటికన్నా ఆఖర్న. నాలుగు గంటలకు అంతా సరిపోయింది. మరునాడు ఉదయం ఏడింటి నుంచి ప్రింటరు గీకుతూనే ఉంది. అంచులు నేను చించాను, సంఖ్యలు సరోజక్క చూసింది. నూట అరవై ఒకటో పేజీ బయటికి రాగానే ఆమె చెవి వెనక పెన్సిలు తీసి డ్రాయరులో పెట్టేసింది.

బైండు చేసిన ప్రతులతో మేడమ్ ఆటో ఎక్కారు. నాలుగున్నరకు కింది దుకాణానికి మేడమ్ ఫోను వచ్చింది. దుకాణంవారు మెట్ల కింద నుంచి అరిచారు. "సరోజక్కా! తీసుకున్నారంటప్పా, రసీదు కూడా ఇచ్చినారంట!" నేను చించిన అంచుల కుప్ప పక్కనే నేల మీద కూర్చుని నవ్వేశాను. సరోజక్క చిలకల గుడ్డ దులిపి కంప్యూటరు మీద కప్పి, "కాఫీ తాగుదాము రా" అన్నది.

ఆమె ఇప్పుడు కోలారులో చెల్లెలి దగ్గర ఉంటున్నది. నేను హోసూరు రోడ్డులోని ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ నేను ఎక్కువ మాట్లాడను. నిన్న ఆ చిల్లుల అంచు చించి పక్కన పెట్టి తలెత్తేసరికి, కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల ముందు నిలబడి ఉంది. చేతులు వీపు వెనక ఉన్నాయి. కళ్ళు నేల మీద ఉన్నాయి. నా పక్కనున్న కుర్చీ ఆమె వైపు లాగాను.

"ఏ పేజీ నుంచి?" అని అడిగాను.