లండన్ కుర్రాడి మీద అత్తగారి కోపం

నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఆమధ్య ఒక ఏడాది సిలబస్‌లో పేరున్న పాత ఇంగ్లీషు నవల వచ్చింది. పల్లెటూరి అనాథ కుర్రాడు లండన్ వెళ్ళి దొరబాబు కావడం అందులో కథ. సాయంత్రాలు దాన్ని అత్తగారికి తెలుగులో చెప్పేదాన్ని.

పెంచిన కమ్మరి బావ చూడ్డానికి లండన్ వస్తే, ఆయన మోటు వాలకానికి ఆ కుర్రాడు సిగ్గుపడిన చోట ఆవిడకి కోపం వచ్చింది. "రాసినాయన పెళ్ళాన్నన్నా బాగా చూసుకున్నాడా అమ్మాయ్?" అని అడిగారు.

"లేదండీ. పదిమంది పిల్లలు పుట్టేక ఆవిణ్ణి వేరే ఇంట్లో పెట్టేడు."

"ఆయ్. అందుకే ఆ కుర్రాడి బుద్ధి అంత బాగా రాసేడు," అన్నారు.

ఆ ఆదివారం మావారి ఆఫీసరు మా ఇంటికి వచ్చారు. అత్తగారు పాత చీరలో, చేతులకి నూనె రాసుకుని, వరండాలో పనసపండు ఒలుస్తున్నారు. మావారు గొంతు తగ్గించి, "అమ్మా, కాస్త లోపలికెళ్ళి చీర మార్చుకోవా," అన్నారు.

ఆవిడ తలెత్తకుండానే, "ఏరా, లండన్ నుంచి ఎప్పుడొచ్చేవు?" అని అడిగారు.

మావారికి అర్థం కాలేదు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాఫీ తెచ్చేసరికి ఆఫీసరుగారు ఆవిడ పక్కన పీట మీద కూర్చుని, "ఇంకో తొన తీసుకోవచ్చాండీ?" అంటున్నారు. మావారు మాత్రం నిలబడే ఉన్నారు. అత్తగారు కొడుకు చేతికి పనసగింజల పళ్ళెం ఇచ్చి, కూరకి కడిగి తెమ్మన్నారు.