ఒక ఎరుపు, ఒక తెలుపు

రాళ్లకు వేయమన్న రంగుల అర్థం దేవన్నకు ఎవరూ చెప్పలేదు. ఆ రాళ్ల మధ్య ఒక మనిషి చనిపోయాక, ఆ చావుకు దేవన్న కుంచే కారణమని తేల్చారు. ఇది 1991 వేసవిలో, గల్ఫ్ యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు, సౌదీ ఉత్తర సరిహద్దులో జరిగింది.

దేవన్నది నిర్మల్. కొయ్యబొమ్మలకు రంగులద్దే ఇంట పుట్టాడు. పెయింటర్ వీసా అనగానే బొమ్మలు వేయిస్తారనుకున్నాడు. పని నది పక్కనేనని ఏజెంటు చెప్పాడు. అరబ్బీలో వాది అంటే నది దారే. ఎప్పుడో వాన పడితే తప్ప అది పారదన్న సంగతి ఏజెంటు చెప్పలేదు. దేవన్న దిగిన చోట ఇసుక, గులకరాళ్లు, కాలిన బండ్ల ఇనుము తప్ప తడి లేదు.

"గోదారి ఎండినట్టున్నదే, దేవన్నా," అన్నాడు మొండయ్య. జగిత్యాల దిక్కువాడు. యుద్ధం వదిలిపోయిన తుక్కు ఏరడం అతని పని.

"నవ్వకు. నీళ్లు నేనే గీస్త."

గీశాడు కూడా. మిగిలిపోయిన నీలం రంగుతో రేకుల గది గోడ మీద గోదావరిని పారించాడు. ఎండకు బయట నిలవలేని మధ్యాహ్నాల్లో అందరూ ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవారు. "సల్లగున్నది," అని మొండయ్య అబద్ధమాడేవాడు.

జూలైలో ఫోర్‌మన్ వచ్చాడు. వాదిలో రెండు వరుసలుగా పేర్చి ఉన్న రాళ్లు చూపించి, "ఏక్ లాల్, ఏక్ సఫేద్," అని వెళ్లిపోయాడు. అతని ఉద్దేశం ఒక వరుసకు ఎరుపు, ఒక వరుసకు తెలుపు. పేలని గుండ్లున్న నేల అంచున ఎర్ర రాళ్లు, వెతికి శుభ్రం చేసిన దారి వెంట తెల్ల రాళ్లు ఉండాలి. దేవన్నకు ఆ మాట తన ఊరి అర్థంతో వినబడింది. పోశమ్మ గుడి గోడకు ఒక గీత ఎరుపు, ఒక గీత తెలుపు. ప్రతి రాయికీ రెండూ వేశాడు, దారం పట్టి గీసినంత నేర్పుగా.

మర్నాడు ఫోర్‌మన్ పికప్ ఆపి, ఆ రాళ్లు చూసి "బహుత్ ఖూబ్" అని మెచ్చుకున్నాడు. తుక్కు ఏరేవాళ్లను పిలిచి, తెల్ల రాళ్లు చూసి నడవమని చెప్పి, బండి పోనిచ్చాడు.

"ఇన్ని పోశమ్మలను నిలవెట్టినవ్, బోనమెవలెత్తుతరే?" అన్నాడు మొండయ్య, సంచీ భుజాన వేసుకుంటూ. "తెల్లది సూసి నడువుమన్నడు. నువ్వు అన్నిట్ల తెలుపు వెట్టినవ్. ఇగ నాకు ఎటువోయినా తొవ్వే."

దేవన్న నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే మొండయ్య కాలి కింద నేల పేలింది.

పెయింటర్ రంగులు తప్పు వేశాడని క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, అందరి ముందూ ప్రకటించాడు. దేవన్నకు ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపే ముందు, ఆ నీలం గోడకు అతని చేతనే తెల్ల రంగు వేయించారు.

మొండయ్య భార్య లస్మవ్వ నిర్మల్ వచ్చి, గడప ఇవతలే నిలబడి అడిగింది. "మా ఆయన నీ రాళ్లు సూసే నడిశిండా, అన్నా?"

"ఔ, చెల్లే."

ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది. తిట్టినా అతనికి కొంత తేలికయ్యేదేమో. అప్పటి నుండి దేవన్న ఎరుపూ తెలుపూ ముట్టడం లేదు. అతని ఇంట్లో కొయ్యబొమ్మలకు పచ్చని అంగీలున్నాయి, నల్లని జుట్టుంది. కళ్లు లేవు, పెదవులు లేవు. అట్లాంటి బొమ్మలను ఎవరూ కొనరు. ఇరుగుపొరుగువాళ్లం చెప్పి చూశాం, వాదించాం. "నా చెయ్యే చంపింది," అంటాడు.

ఆ చేయి చంపలేదు. ప్రమాదం తెలిసినవాడికి దానిని తెలియజేసే బాధ్యత ఉంటుంది. ఫోర్‌మన్, ముదీర్, ఆ రోజు అది తెలిసినవారు మీరిద్దరే. ఫోర్‌మన్, ఆ రాళ్లను కళ్లారా చూసి మెచ్చుకున్నది మీరు. ముదీర్, విచారించకుండానే తీర్పు చెప్పింది మీరు. లస్మవ్వ ముందు నిలబడండి. దేవన్న వింటుండగా పలకండి: "మేము అతనికి చెప్పలేదు."